భోజనానికి పిలిచిన వాళ్లింటికి ఏం పట్టుకెళ్లాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్, మా ఆయన ఆఫీసులో టీమ్ లీడ్ గారు వచ్చే శనివారం రాత్రి ఇంటికి డిన్నర్‌కి పిలిచారు, మొత్తం ఎనిమిది ఫ్యామిలీలు వస్తున్నాయి. ఏం తెమ్మంటారు అని అడిగితే వాళ్లావిడ "అయ్యో ఏమీ వద్దండీ, మీరొస్తే చాలు" అంటున్నారు. పోయినసారి వేరేవాళ్లింటికి పెద్ద బొకే తీస్కెళ్తే ఆవిడకి ఎక్కడ పెట్టాలో తెలీక చివరికి ఫ్రిజ్ మీద పెట్టేశారు, మేం బయల్దేరేటప్పటికే వాడిపోయింది, నాకు మనసు చివుక్కుమంది. బడ్జెట్ 500 నుంచి 700 దాకా అనుకుంటున్నాం. వాళ్లకి ఆరేళ్ల పాప, అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటారు. ఏం తీస్కెళ్తే బాగుంటుందో చెప్పండి.
- ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: ఆ బొకే గురించి బాధపడకండమ్మా, కాకపోతే మీరు బెల్ కొట్టిన టైమ్‌కి ఆవిడ ఎలా ఉండుంటారో ఒక్కసారి ఊహించుకోండి. ఒక పొయ్యి మీద బిర్యానీ దమ్ముకి పెట్టుంటుంది, ఇంకోదాని మీద నూనె కాగుతుంటుంది, చేతులకి శనగపిండి, హాల్లో అప్పుడే వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వాలి, ఆ హడావుడిలో కాడలు కత్తిరించి పూలని నీళ్లలో పెట్టే తీరిక ఎవరికుంటుంది చెప్పండి. ఫ్లవర్ వేజ్ ఉన్నా ఎక్కడో అటక మీద ఉంటుంది. అందుకే నన్నెవరడిగినా నేను చెప్పేది, ఆ రాత్రికి కాదు, మర్నాడు పొద్దున్నకి పనికొచ్చేది పట్టుకెళ్లండి అని.

మర్నాడు ఆ ఇల్లెలా ఉంటుందో మనందరికీ తెలుసు. సింక్ నిండా గిన్నెలు, పనమ్మాయి ఆదివారం రానంటుంది, ఆవిడకి నడుం నొప్పి, పాపేమో టిఫినేంటమ్మా అంటూ వెనకాలే తిరుగుతుంటుంది. మా ఇంట్లో ఒకసారి ఇలాగే ఇరవై మంది వచ్చి వెళ్లారు, వెళ్తూ వెళ్తూ ఒక ఫ్రెండ్ నా చేతిలో ఒక సంచి పెట్టింది, అందులో ఒక డబ్బా ఇడ్లీ పిండి, చిన్న సీసాలో కందిపొడి, సీసా మూత మీద కాగితం అంటించి "ఉప్పు సరిపోయింది, నెయ్యి మాత్రం ధారాళంగా వేసుకో" అని రాసుంది. పొద్దున్నే నేను చేసిందల్లా ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టడమే. ఆ రోజు వచ్చిన మిగతా గిఫ్టులు ఏవేంటో ఇప్పుడు గుర్తులేదు కానీ ఆ సీసా ఇప్పటికీ నా వంటింట్లోనే ఉంది, జీలకర్ర పోసుకుంటున్నాను.

మీరూ అలా చేయొచ్చు. కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర విడివిడిగా దోరగా వేయించి, చల్లారాక ఉప్పేసి పొడి కొట్టండి. వెల్లుల్లి మాత్రం అడక్కుండా వేయకండి, కార్తీకమాసమనో, ఇంట్లో ఎవరైనా మాల వేసుకున్నారనో, లేదా మామూలుగానే వెల్లుల్లి తినని ఇళ్లు చాలా ఉంటాయి. పిండి ఇస్తే డబ్బా నిండా పోయకండి, రాత్రంతా పొంగి ఫ్రిజ్‌లో పారితే ఆవిడకి ఇంకో పని. ఇంకో సంగతి, మీకిష్టమైన స్టీల్ డబ్బాలో అస్సలు ఇవ్వొద్దు. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మనకి అలవాటు కదా, పాపం ఆవిడ మీ డబ్బాలో ఏం పెట్టివ్వాలా అని నెల రోజులు ఆలోచిస్తారు. "డబ్బా తిరిగివ్వక్కర్లేదండీ" అని ఇచ్చేటప్పుడే చెప్పేయండి.

చేసుకునే టైమ్ లేదంటే స్వీటే కొనండి, కానీ ఎనిమిది ఫ్యామిలీలు వస్తుంటే అందులో సగంమందైనా స్వీట్ బాక్సే తెస్తారు, అదీ పాల స్వీట్లయితే రెండ్రోజుల్లో అవ్వగొట్టాలి. దానికన్నా పూతరేకులు నయం, నాలుగు రోజులు నిలవుంటాయి, ఎవరికి కావాలంటే వాళ్లు ఒకటి తీస్కుంటారు. జయ బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పల్చటి ఆ పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి అలా లాగితే క్షణంలో రేకు లేస్తుంది, కొబ్బరాకుల మంట మీద ఆత్రేయపురం ఆడవాళ్లు రోజంతా కూర్చుని చేస్తారు ఆ పని. 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. ఇవన్నీ పాపకి చెప్తూ ఇస్తే ఇంకా బాగుంటుంది. అత్తగారికి షుగరేమో ముందే మీ ఆయన చేత మెల్లిగా కనుక్కోండి, షుగర్ ఉన్నవాళ్ల ముందు స్వీట్ బాక్స్ పెడితే వాళ్ల మొహం చూడలేం. బెల్లంవి కదా పర్లేదు అనుకోకండి, బెల్లమైనా పంచదారైనా వాళ్లకి ఒకటే. అలాంటప్పుడు ఆవిడకోసం విడిగా నాలుగు జామకాయలో, ఒక కట్ట తమలపాకులో పట్టుకెళ్లినా ఎంతో సంబరపడతారు, ఇంటికొచ్చేవాళ్లు పెద్దవాళ్లని గుర్తుపెట్టుకుని తేవడం అరుదైపోయింది కదమ్మా.

పాపకైతే ఏటికొప్పాక బొంగరం. అంకుడు కర్రని చెక్కి, అది తిరుగుతుండగానే లక్క పూస్తారు, రంగులన్నీ చెట్ల బెరళ్లు, గింజలు, వేళ్ల నుంచే. లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి, నిర్మల్ బొమ్మలు కావాలంటే గోల్కొండ షోరూముల్లో చూడండి. బొంగరం, కందిపొడి రెండూ కలిపినా మీ బడ్జెట్‌లోనే అయిపోతుంది.

కవర్లో 516 పెట్టి ఇవ్వడం మాత్రం వద్దు. అది పెళ్లికీ గృహప్రవేశానికీ, పుస్తకంలో రాసుకుని మళ్లీ వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు చదివించే పద్ధతి, భోజనానికి పిలిచినచోట ఆ లెక్కెందుకు. ఇక "ఏమీ వద్దండీ" అంటారా, మనం పిలిచినా అదే అంటాం కదా, అంటే పెద్ద ఖర్చు పెట్టకండి అని, అంతే.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగానికి జర్మనీ వెళ్లి మూడు నెలలైంది. అక్కడి మేనేజర్ ఇంటికి భోజనానికి పిలిచారట, ఏం తీసుకెళ్లాలి నాన్నా అని నన్నడుగుతున్నాడు, నాకేం తెలుస్తుంది చెప్పండి.
- ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: పైన బొకే వద్దన్నాను కదండీ, మీ అబ్బాయికి మాత్రం పూలే చెప్తున్నాను. అక్కడ భోజనానికి పిలిస్తే పూలు పట్టుకెళ్లడం మామూలే, ఫ్లవర్ వేజ్ కూడా చేతికందేచోటే ఉంటుంది. షాపులో చుట్టిచ్చిన కాగితం గుమ్మం దగ్గరే విప్పేసి ఇవ్వడం వాళ్ల మర్యాద, పూలు బేసి సంఖ్యలో ఉండేట్టు చూస్కుంటారు. ఎర్ర గులాబీలు ప్రేమించినవాళ్లకి ఇచ్చేవి కాబట్టి వద్దు. మనం దేవుడికి పెట్టుకునే చామంతుల్ని అక్కడ సమాధుల మీద పెడతారు, తెల్ల లిల్లీలూ అంతే, ఇది మాత్రం అబ్బాయికి గట్టిగా చెప్పండి. పూలతో పాటు మన వైపుది ఏదైనా ఉండాలంటే అరకు కాఫీ మంచిది, 2019లో జీఐ వచ్చిన అరబికా, మన్యంలో గిరిజన రైతులు పండించేది, పైగా కాఫీ అంటే వాళ్లకి ప్రాణం. చికోరీ కలిపింది కాకుండా వట్టి గింజలే పంపండి, మన ఫిల్టర్ పొడి వాళ్ల మిషన్లకి సరిపడదు.

అన్నట్టు ఏడింటికి రమ్మంటే ఏడింటికే వెళ్లాలి, మనలాగా ఎనిమిదికి బయల్దేరడం కుదరదు అక్కడ.