గ్యారేజీలో పెయింట్ బూత్: ముందు గాలి లెక్క చూసుకో

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

స్ప్రే పెయింటింగ్‌కి నువ్వు కట్టాలనుకుంటున్న బూత్, అంటే ప్లాస్టిక్ షీటు డేరా, దానికోసం పైపులు, షీటు కొనేముందు గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో కాగితం మీద గీసుకో. డేరా ఎవరైనా కడతారు. పెయింటు పాడయ్యేదీ, ప్రాణం మీదికి వచ్చేదీ గాలి దగ్గరే.

బూత్ 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకో. గాలి పొడవునా పారుతుంది కాబట్టి దారి 64 చదరపు అడుగులు. పెద్ద షెడ్లలో గాలి నిమిషానికి 100 అడుగుల దాకా కదిలేలా చూస్తారు. ఇంట్లో కనీసం 50 ఉండాలి. అంటే నిమిషానికి 3,200 ఘనపుటడుగులు. ఫ్యాను మీద రాసే అంకె ఫిల్టర్ అడ్డం లేనప్పటిది గనక 4,500 ఉన్నది తెచ్చుకో. 20 అంగుళాల చదరపు ఫిల్టర్లు గాలి వచ్చేవైపు 4, పోయేవైపు 6 పెట్టు. పోయేవైపువి పెయింటు తుంపర పట్టి త్వరగా పూడుకుపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఫ్యాను గాలిని లోపలికి నెట్టాలి. మామూలు మోటారులో నిప్పురవ్వలు రేగవచ్చు. లోపలి గాలిని బయటికి లాగేలా పెడితే థిన్నర్ ఆవిరి దాని మీదుగానే పోతుంది, ఒక్క రవ్వ చాలు. నెట్టేలా పెడితే మోటారు ఎప్పుడూ మంచి గాలిలోనే ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. లాగినప్పుడు ప్రతి సందులోంచీ గ్యారేజీ దుమ్ము లోపలికి వచ్చి తడి పెయింటు మీద వాలుతుంది. నెట్టినప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. ఆ గాలితోపాటు ఆవిరి ఇంట్లోకి రాకుండా ఇంటివైపు తలుపు సందులు టేపుతో మూసెయ్, పోయేవైపు ఫిల్టర్లను తెరిచిన షట్టర్‌కి ఆనించి పెట్టు. ఫ్యానుకి గాలి వెనక కిటికీలోంచి రావాలి. షట్టర్ వైపు నుంచే తీసుకుంటే పోయిన ఆవిరే మళ్ళీ లోపలికి వస్తుంది.

థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పేరుకుంటుంది. అందుకే పోయేవైపు ఫిల్టర్లు కింది వరసల్లో ఉండాలి. గ్యారేజీలో గ్యాస్ గీజర్‌లాంటి మంట ఉన్నది ఏదైనా ఉంటే పూర్తిగా ఆర్పెయ్. కంప్రెసర్, స్విచ్చులు, లైట్లు అన్నీ షీటుకి బయటే ఉండాలి. పారదర్శకమైన షీటు వాడితే లైటు లోపలికి బాగానే పడుతుంది. రెండు పక్కలా నడుమెత్తులో ట్యూబులు పెడితే పెయింటు ఎక్కడ తడిగా పడిందో, ఎక్కడ పొడిగా ఉందో మెరుపులోనే తెలుస్తుంది.

చట్రానికి 2 అంగుళాల చదరపు చెక్క మేలు. పీవీసీ పైపు 8 అడుగుల పొడవున మధ్యలో వంగుతుంది. షీటు 100 నుంచి 150 మైక్రాన్లది తీసుకో. ప్రతి 2 అడుగులకీ పట్టీ వేసి బిగించకపోతే గాలికి కొట్టుకుని, మీద అంటిన ఎండిన పెయింటు పొడి రాల్చుతుంది. పెయింటు మీద గరుకు కనిపిస్తే చాలామంది ఫిల్టర్‌ని అనుమానిస్తారు గానీ, చాలాసార్లు తప్పు ఆ షీటుదో ఒంటిమీది బట్టలదో అవుతుంది. నేల కాస్త తడిపితే దుమ్ము లేవదు, నీళ్ళు నిలవనివ్వకు. పెయింటు మీద చిన్న చిన్న గుంటలు పడితే కంప్రెసర్ గాలి లైన్లో నూనె చేరిందనో, దగ్గర్లో సిలికాన్ పాలిష్ వాడారనో అర్థం.

పోయేవైపు ఫిల్టర్ బయట సన్నని కాగితం ముక్క వేలాడదీయి. అది ఊగడం తగ్గితే ఫిల్టర్ మార్చు. పెయింటింగ్‌కి 15 నిమిషాల ముందే ఫ్యాను వేసి, పని అయ్యాక వాసన పోయేదాకా ఆపకు.

హార్డెనర్ (పెయింటు గట్టిపడటానికి కలిపేది) కలిపే పెయింటు వాడేటట్టయితే మామూలు కాట్రిడ్జ్ మాస్కు, అంటే ఆవిరిని పట్టే డబ్బాలున్నది, సరిపోదు. అందులోని ఐసోసయనేట్ అనే రసాయనం హాని చేసే మోతాదులోనూ వాసన రాదు, కాట్రిడ్జ్ అయిపోయిన సంగతి ముక్కుకి తెలియదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు దొరికేదాకా ఆ పెయింటు ముట్టుకోకు. హార్డెనర్ లేనిదానికి ఆర్గానిక్ వేపర్ (థిన్నర్‌లాంటి ఆవిరి) కాట్రిడ్జ్, దాని ముందువైపు తుంపర ఆపే ఫిల్టర్ పెట్టుకో. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి ఆనదు, గీయించుకో.

నీ పెదనాన్న