గ్లవ్స్ తొడుక్కుని బిగించి చూడు

బరంపురం

చిట్టితల్లికి పెద్నాన్న దీవెనలు.

నీ సంగతి నీ నోట వినే యోగం నాకు లేకపోయింది. మొన్న మీ అమ్మ అప్పడాల కోసం వచ్చి మీ పెద్దమ్మతో అంటుంటే విన్నాను: "బంగారంలాంటి ఉద్యోగం మానేసి, మిలిటరీకి శాటిలైట్ సెట్లు చేసే కంపెనీలో చేరింది. వచ్చే ఏడు ఆర్మీ వాళ్ల ట్రయల్సట." ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి మాత్రం ఎదురింటి మేస్టారికి చెప్పేశాను, మా తమ్ముడి కూతురు చేసిన సెట్టు జవాన్ల వీపు మీద ఉంటుందని. ఇంకా ఎక్కలేదు కదా, ముందే కోతలు కోశాను.

"టీఆర్‌ఎల్ 7 దాటేశాం" అని మీ నాన్నతో అన్నావట. వాడు అవి పరీక్ష మార్కులనుకుని, "ఏడేనా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడు అడిగింది సరైన ప్రశ్నే. టీఆర్‌ఎల్ అంటే పరికరం ఎంతవరకు సిద్ధమైందో చెప్పే మెట్ల లెక్క, అందులో తొమ్మిదికి ఏడు. నమూనా బయట పనిచేసి చూపించింది, అంతే. మిగిలిన రెండు మెట్ల దగ్గరే చాలామంది ఆగిపోయారు.

తెలిసినవే అయినా నాలుగు మాటలు చెప్పేస్తాను. ఐడెక్స్ డబ్బు, అదే రక్షణ శాఖ కొత్త కంపెనీలకిచ్చే సాయం, విడతలుగా వస్తుంది, మీ వాటా మీరు పెట్టాలి, కాబట్టి జీతాలకి వేరే దారి చూసుకోండి. వేడి, చలి, తేమ, దుమ్ము, కుదుపు, సైన్యం ఎలక్ట్రానిక్ పరికరాల ప్రమాణం జేఎస్‌ఎస్ 55555లో రాసిన పరీక్షలన్నీ ట్రయల్స్ ముందే మీ అంతట మీరు చేయించుకోండి. ఏ చిప్ ఏ దేశందో లెక్క రాసుకోండి, అడుగుతారు. పదేళ్ల తర్వాత కూడా దొరికే చిప్పే పెట్టండి. నో కాస్ట్ నో కమిట్‌మెంట్ ట్రయల్ అంటే తెలుసుగా, సెట్లు కొండ మీదికి చేర్చే ఖర్చు మీది, కొంటామన్న మాట మాత్రం వాళ్లివ్వరు. ఆ ఖర్చుకని పర్లాకిమిడి స్థలం తాకట్టు పెట్టమని మీ నాన్నని అడిగావా, నాతో మాట్లాడకు. అడిగితే వాడు పెట్టేస్తాడు, అదే నా భయం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నేను సిగ్నల్స్‌లో, అంటే ఆర్మీ వైర్‌లెస్, ఫోన్లు చూసే విభాగంలో, హవల్దార్‌ని. ఒక కంపెనీ వాళ్లు ఉపగ్రహం మీదుగా మాట్లాడే సెట్టు నమూనా ఒకటి మా యూనిట్‌కి తెచ్చారు. మైదానంలో, నవంబరు ఎండలో ట్రయల్. వాళ్ల ఇంజనీరు కుర్రాడు నీ ఈడువాడే. యాంటెన్నా తనే నిలబెట్టేవాడు, దిక్కు తనే చూసేవాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు లింక్ నిమిషానికోసారి తెగడం మొదలైంది. నేను కేబుల్ పట్టుకుని తడుముకుంటూ వెళ్తే, యాంటెన్నా దగ్గర కనెక్టర్ మర వదులైంది. చిటికెన వేలి గోరంత మర. వేళ్లతో బిగించి, పైన నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాను. లింక్ నిలబడింది. మర్నాడు పెద్ద అధికారి వస్తున్నాడు. ఆ కుర్రాడు నోరు తెరిచి ఏమీ అడగలేదు, నా వైపు చూశాడంతే. నేను లాగ్‌బుక్కులో "లింక్ స్థిరంగా ఉంది" అని రాశాను. అబద్ధం కూడా కాదు. టేపు సంగతి రాయలేదు. వాడి మీద జాలి, నా పనితనం మీద గర్వం.

నేను రాయలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. అదే కనెక్టర్‌తో ఇంకొన్ని సెట్లు తయారై కొండమీది పోస్టులకి వెళ్లాయి. మరుసటి చలికాలం ఒక పోస్టులో లింక్ తెగింది. డ్యూటీలో ఉన్నవాడు మన గంజాం కుర్రాడే, ఇరవై రెండేళ్లు. మందపాటి గ్లవ్స్‌లో ఆ మర చేతికి చిక్కలేదు. గ్లవ్ తీశాడు. గాలిలో, మంచులో, పావుగంట సేపు ఆ ఇనప ముక్కతో కుస్తీ పట్టాడు. లింక్ వచ్చింది. కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి.

ఇప్పుడు వాడికి ఛత్రపురంలో కిరాణా కొట్టుంది. చిల్లర ఎడం చేత్తో లెక్కపెడతాడు. నన్ను చూస్తే "సాబ్" అని లేచి నిలబడి టీ తెప్పిస్తాడు. ఆ టేపు సంగతి వాడికి తెలియదు. ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారీ చెప్పలేకపోయాను.

అందుకని చెప్తున్నాను, ట్రయల్‌లో మీ సెట్టుని మీరు ముట్టుకోకండి. పెట్టె అప్పగించి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడండి. నిన్నగాక మొన్న ట్రైనింగ్ అయిన కుర్రాడు చీకట్లో గ్లవ్స్‌తో విప్పాలి, బిగించాలి. మన ఉపగ్రహం దక్షిణాన ఉంటుంది కదా, దక్షిణం వైపు కొండ అడ్డొచ్చిన చోట వాడేం చేస్తాడో చూడండి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జింగ్‌లో పెడితే లోపల పాడవుతుంది, ఆ సంగతి పెట్టె మీదే హిందీలో పెద్దక్షరాలతో రాయించు. ఏ జవానైనా జాలిపడి టేపు చుడితే, నువ్వే వెళ్లి లాగ్‌బుక్కులో రాయించు. నీ ట్రయల్ చూసిన ఆఫీసరు రెండు మూడేళ్లకి బదిలీ అయిపోతాడు, తర్వాత వచ్చినవాడికి ఆ పుస్తకమే దిక్కు.

పైన ఏముందన్నది అందరూ చెప్పుకుంటారు, కింద చేతికి ఏం అందిందన్నది ఎవరూ అడగరు. 2013 ఆగస్టు 30న నేవీ కోసం జీశాట్-7 ఉపగ్రహాన్ని పంపినప్పుడు నేనూ వీధంతా మిఠాయి పంచాను. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను వచ్చి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఫోన్లు చచ్చిపోయాయి. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున మన ఉపగ్రహం ఉంది, పర్లాకిమిడిలో నా తమ్ముడు ఉన్నాడో లేడో కనుక్కునే దారి మాత్రం నాకు లేదు. నాలుగో రోజు వాడే బైక్ మీద వచ్చాడు. గుమ్మంలో వాణ్ణి చూసి ముందు తిట్టాను, తర్వాత మీ పెద్దమ్మ నీళ్లిస్తే తాగలేకపోయాను. నీకప్పుడు పన్నెండేళ్లు.

పైకి వెళ్లినవాటినీ ఆ మరలాంటి చిన్న ముక్కే ముంచుతుంది. 2025 జనవరిలో దారి చూపే ఉపగ్రహం ఎన్‌వీఎస్-02ని రాకెట్ చక్కగా వదిలింది, ఆ తర్వాత ఒక్క వాల్వు తెరుచుకోక అది అనుకున్న కక్ష్యకి చేరలేదు. అక్కడికి టేపు పట్టుకుని వెళ్లేవాడు లేడు. నీది నేల మీద ఉండే పెట్టె, అదృష్టవంతురాలివి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక సెట్టు తీసుకురా, మీ కంపెనీ ఒప్పుకుంటేనే సుమా. ఒప్పుకోకపోతే ఉత్త కనెక్టర్లయినా పట్టుకురా. నా పాత గ్లవ్స్ ట్రంకుపెట్టెలో ఉన్నాయి, కలరా ఉండలేసి దాచింది మీ పెద్దమ్మ. డాబా మీద లైటు తీసేసి ఇద్దరం కూర్చుందాం. తర్వాత ఛత్రపురం వెళ్దాం. ఆ కొట్టు వాడికి నిన్ను చూపించాలి. ఈసారి నువ్వు పక్కనుంటే చెప్పగలనేమో.

స్వెట్టర్ వేసుకో, రాత్రి బస్సులో రాకు.

మీ పెద్నాన్న