పాత బాక్‌స్టర్‌తో రేసింగ్: ఏ క్లాస్ అయితే జేబు తట్టుకుంటుంది?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. నేను హెచ్‌1బీ మీద పనిచేస్తున్నాను, నా భార్య ఉద్యోగం చేయడం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. కిందటేడాది 11,000 డాలర్లు పెట్టి 1999 పోర్షే బాక్‌స్టర్ కొన్నాను. 2.5 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. పాత యజమాని ఫ్యాక్టరీ స్ప్రింగులు తీసేసి కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగు-షాక్ జతలు) వేయించాడు. అమెచ్యూర్ రేసింగ్ చేయాలని చాలా ఆశగా ఉంది. ఒకరు ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారుకూ టైమ్ తీసే పోటీ) అంటున్నారు, ఒకరు స్పెక్ బాక్‌స్టర్ (అందరూ ఒకే తీరు బాక్‌స్టర్లతో పరుగెత్తే రేసు) అంటున్నారు, ఇంకొకరు టైమ్ ట్రయల్ (రేస్ ట్రాక్ మీద టైమ్ తీసే పోటీ) అంటున్నారు. రిటైర్మెంట్ ఖాతా 401కెలో కంపెనీ మ్యాచ్ (కంపెనీ తన వంతుగా కలిపే డబ్బు) వచ్చేంత వరకు వేస్తున్నాను. ఖర్చులన్నీ పోను నెలకు 900 డాలర్లు మిగులుతాయి. నెల ఖర్చు 6,500, బ్యాంకులో ఉన్నది 14,000. 401కె మీద 25,000 అప్పు తీసుకుని దీన్ని పూర్తి రేస్ కారుగా మార్చాలనుకుంటున్నాను. ఏ క్లాస్‌కి వెళ్లమంటారు? ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెడితే ఈ ఖర్చు ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా?

జవాబు: సూటిగా చెప్పేస్తాను. ఒకటి రెండు సీజన్ల పాటు మీ కారుకు తగిన చోటు ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) ఆటోక్రాస్‌లోని స్ట్రీట్ విభాగం, అంటే పెద్దగా మార్పులు చేయని కార్లది. దానితో పాటు ఏడాదికి ఒకటో రెండో ట్రాక్ డేలు (పోటీ లేకుండా రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజులు) చాలు. స్పెక్ బాక్‌స్టర్ మంచి క్లాసే, కానీ ఇప్పుడు మీకు కాదు. 401కె అప్పు మాత్రం వద్దే వద్దు.

అప్పు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే నాకు టెన్షన్ పెట్టింది అదే. 401కెలో మీ పేరున ఖాయమైన మొత్తంలో సగం గానీ 50,000 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అంత వరకు అప్పు తీసుకోవచ్చు, మామూలుగా ఐదేళ్లలో తీర్చాలి. ఉద్యోగం ఉన్నంత కాలం ఇబ్బంది కనిపించదు. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తాన్ని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు సర్దాల్సి వస్తుంది. లేకపోతే దాన్ని విత్‌డ్రాయల్ కింద లెక్కగట్టి ట్యాక్స్ వేస్తారు, వయసు 59½ దాటకపోతే సాధారణంగా ఇంకో 10 శాతం పెనాల్టీ. హెచ్‌1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ రెండు నెలల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, అద్దె కట్టాలి, అవసరమైతే ముగ్గురికీ ఇండియా టికెట్లు కొనాలి. మీ దగ్గరున్న 14,000 రెండు నెలల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. మీ పరిస్థితిలో కనీసం ఆరు నెలలది ఉండాలంటాను, అంటే 39,000. లోటు ఎంతో చూశారా? 25,000. మీరు కారు కోసం అప్పు చేద్దామనుకున్నదీ అంతే. మిగిలే 900లో 600 ఆ లోటు పూడ్చడానికి పక్కన పెట్టండి. మిగతా 300 కారుకి. ఏడాదికి 3,600. ఏ క్లాస్ అన్న నిర్ణయం ఈ అంకె దగ్గర్నుంచి మొదలుకావాలి.

క్లాస్ ఎంచుకోవడమంటే కారు ఎంత వేగంగా పోతుందో చూసుకోవడమే అని చాలామంది అనుకుంటారు. నేను చూసేది ఒక్కటే: ఆ క్లాస్‌లో పోటీకి నిలబడాలంటే ఇంకా ఏమేం కొనాలి? మీ కారు ఇప్పుడున్న తీరుకు రూల్‌బుక్ ఒప్పుకునే హద్దు ఎంత దగ్గరగా ఉంటే ఆ క్లాస్ మీకు అంత చౌక.

టైమ్ ట్రయల్ తీసుకోండి. నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ నడిపే టైమ్ ట్రయల్స్‌లో క్లాసులు ప్రధానంగా బరువుకూ పవర్‌కూ ఉన్న నిష్పత్తి మీద ఉంటాయి. మీ ఇంజిన్ 201 హార్స్‌పవర్ అని కంపెనీ చెప్పింది. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర కొలిస్తే 170 దగ్గర వస్తుందనుకుందాం. కారు 2,800 పౌండ్లు, మీరు 180 అనుకుంటే మొత్తం 2,980. అంటే ఒక్కో హార్స్‌పవర్‌కు 17.5 పౌండ్లు. ఇప్పుడు మీరు పడే క్లాస్ హద్దు 14 పౌండ్లు అనుకోండి. ఆ హద్దు దాకా వెళ్లాలంటే చక్రాల దగ్గర 213 హార్స్‌పవర్ కావాలి, ఇంకా 43 ఎక్కువ. పాత 2.5 ఇంజిన్ నుంచి గొట్టాలూ ఫిల్టర్లూ మార్చి అంత పిండలేరు, పెద్ద ఇంజిన్ దించి పెట్టుకోవాల్సిందే. బరువు తగ్గించి ఆ నిష్పత్తి అందుకోవాలన్నా 600 పౌండ్లు తీసేయాలి. ఈ తేడా పూడ్చుకోవడానికి జనం వేలకు వేలు పోస్తారు. మీ కారు ఏదైనా క్లాస్ హద్దుకు సహజంగానే దగ్గరగా పడితే అప్పుడు ఆలోచించవచ్చు. అది తెలియాలంటే ముందు డైనో కాగితం, తూకం కాగితం చేతిలో ఉండాలి.

స్పెక్ బాక్‌స్టర్‌లో ఈ బాధ లేదు. మీ 2.5 లీటర్ల కారే ఆ క్లాస్‌కు పునాది. సస్పెన్షన్, టైర్లు అందరికీ ఒకటే, కాబట్టి పక్కవాడి కంటే ఎక్కువ ఖర్చు పెట్టి గెలిచే దారి చాలావరకు మూసుకుపోతుంది. పోర్షే క్లబ్ ఆఫ్ అమెరికా రేసుల్లో 13/13 అని ఒక నిబంధన ఉంది. మీ తప్పు వల్ల గుద్దుకుంటే 13 నెలలు మీ మీద కన్నేసి ఉంచుతారు, ఆ లోపు మళ్లీ జరిగితే 13 నెలలు రేసు బంద్. డబ్బు కోణంలో చూస్తే నాకు ఎంతో నచ్చిన నిబంధన అది, బాడీ షాపు బిల్లులు తగ్గుతాయి కాబట్టి. కానీ ఆ క్లాస్ గేటు దాటాలంటే రోల్ కేజ్ (కారు లోపల ఇనుప గొట్టాల పంజరం) వెల్డింగ్, రేస్ సీటు, గడువు తేదీ ఉన్న బెల్టులు, మంటలార్పే సిస్టమ్, మెడకు హెడ్ రెస్ట్రెయింట్, ఫైర్ సూట్ అన్నీ కావాలి. తర్వాత ట్రైలర్, దాన్ని లాగే బండి. కేజ్ వేశాక అది రోడ్డు మీద పాపను కూర్చోబెట్టుకుని తిరిగే కారు కాదు. హెల్మెట్ లేని తలకు ఆ ఇనుప గొట్టాలు చాలా ప్రమాదం. ఎప్పటికైనా ఆ క్లాస్‌కే వెళ్తే కట్టించుకోకండి, ఎవరో కట్టించుకుని అమ్మేస్తున్న కారు కొనండి. కట్టించినవాడికి ఆ ఖర్చులో చాలా భాగం తిరిగి రాదు. ఆ నష్టం మీ మీద పడనివ్వకండి.

పాత కారు కదా, డొక్కు కార్ల రేసు 24 అవర్స్ ఆఫ్ లెమన్స్‌కు తీసుకెళ్లమని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అక్కడ సేఫ్టీ సామాను మినహాయించి కారు విలువ 500 డాలర్లు అన్నది మూల నిబంధన. 11,000 పెట్టి కొన్న కారుకు అది చోటు కాదు. పక్కపక్కన కార్ల మధ్య పరుగెత్తడం రుచి చూడాలనుంటే, లైసెన్స్ నిబంధనలు కనుక్కుని, ఎండ్యూరెన్స్ (గంటల తరబడి సాగే రేసు) టీముల్లో ఒక సీటు అద్దెకు తీసుకోండి. మీ కారు ఇంట్లోనే క్షేమంగా ఉంటుంది.

ఇక ఆటోక్రాస్. పెద్ద పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి, ఒక్కో కారునూ విడివిడిగా పంపి టైమ్ తీస్తారు. ఒక పరుగు దాదాపు నిమిషం. ఈవెంట్‌కు ఫీజు 50 నుంచి 100 డాలర్ల మధ్య ఉంటుంది. సీట్ల వెనకే ఇంజిన్ ఉండే మిడ్-ఇంజిన్ కారుకు ఇక్కడ ఇంకో లాభం ఉంది. ఇంజిన్ బరువంతా మీ వీపు వెనకే ఉంటుంది కాబట్టి మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వెనక భాగం గిర్రున తిరిగిపోతుంది. ఇది నేర్చుకోక తప్పని పాఠం. లాట్‌లో నేర్చుకుంటే రెండు కోన్లు పడతాయి. ట్రాక్ మీద నేర్చుకుంటే గోడ తగలవచ్చు.

స్ట్రీట్ విభాగంలో షాక్ అబ్జార్బర్లు, బ్రేక్ ప్యాడ్లు, ముందుదో వెనకదో ఒక యాంటీ-రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) మార్చుకోవచ్చు. టైరు ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకె 200కు తగ్గకూడదు. స్ప్రింగులు మాత్రం ఫ్యాక్టరీవే ఉండాలి. మీ చిక్కు ఇక్కడే. కాయిలోవర్లతో మీరు స్ట్రీట్ దాటి పై విభాగంలో పడతారు. అక్కడ మిగతావాళ్లు అన్ని మార్పులూ చేసుకుని వస్తారు, మీరు ఒక్క స్ప్రింగులతో వెళ్తారు. వాళ్లను అందుకోవాలని మీరూ ఒక్కొక్కటీ కొనడం మొదలుపెడతారు. క్లాసుల జాబితా ఏటా మారుతుంది, ఆ ఏడాది రూల్‌బుక్ చూడకుండా ఒక్క పార్టూ కొనవద్దు.

మీ 3,600 ఎటు పోతుందో ఉజ్జాయింపుగా వేశాను. ఎనిమిది ఆటోక్రాస్‌లకు 600. ఎస్‌సీసీఏ ట్రాక్ నైట్ లాంటి సాయంత్రాలు రెండింటికి 400. దానికి రేసు లైసెన్స్ అక్కర్లేదు, హెల్మెట్ ఉంటే చాలు, 20 నిమిషాల చొప్పున మూడు విడతలు. టైర్లకు 1,000, బ్రేక్ ప్యాడ్లు, ఫ్లూయిడ్‌కు 400. మిగిలిన 1,200 రిపేర్లకు, దాన్ని ముట్టుకోకండి. ఇరవై ఐదేళ్లు దాటిన కారు ఇది. ఇవాళే వెనక డిక్కీలో కార్పెట్ పైకెత్తి చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే కూలెంట్ ట్యాంకు ప్లాస్టిక్ చిట్లిందేమో చూపించాలి, ఈ మోడల్లో అది మామూలే. ముందు బంపర్ లోపల రేడియేటర్ల మీద ఎండుటాకులు పేరుకుంటే ఇంజిన్ వేడెక్కుతుంది, అవీ తీయించండి. ఇంజిన్ లోపలి ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ గురించి వినే ఉంటారు, అది పాడైతే ఇంజినే పోవచ్చు. మీ ఏడాది కార్లలో ఎక్కువగా ఉండే రెండు వరసల బేరింగు తర్వాతి దానికంటే గట్టిది, కాబట్టి హడావిడి అక్కర్లేదు. క్లచ్ కోసం ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు, అప్పుడే ఆ పనీ కలిపి చేయిస్తే లేబర్ రెండుసార్లు పడదు.

ఇన్సూరెన్స్ గురించి రెండు మాటలు. మీ కార్ పాలసీలో మినహాయింపుల పేజీ తీసి చదవండి. రేసింగ్, టైమ్ తీసే పోటీలు చాలా పాలసీల్లో కవర్ కావు, కొన్నిట్లో ట్రాక్ మీద అడుగుపెడితేనే కవర్ కాదు. ట్రాక్ డేకు విడిగా ఒక్కరోజు పాలసీలు దొరుకుతాయి కానీ అవి పక్కపక్కన పరుగెత్తే రేసులకు సాధారణంగా వర్తించవు. కాబట్టి ట్రాక్‌కు వెళ్లే రోజు, ఈ 11,000 పోయినా ఇంటి బడ్జెట్ నిలబడుతుందా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. అంతకంటే ముఖ్యం టర్మ్ ఇన్సూరెన్స్. మీ ఒక్కరి జీతం మీద ముగ్గురు బతుకుతున్నారు, కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఒక్కటే చాలదు. రేసులు మొదలుపెట్టక ముందే సొంత పాలసీ తీసుకోండి. ఫారంలో మోటార్ రేసింగ్ గురించి అడిగితే మీ ఉద్దేశం ఉన్నదున్నట్టు రాయండి. దాచిపెడితే మొదటి రెండేళ్లలో క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ ప్రశ్నించగలదు, అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీ భార్య.

ఎల్‌ఎల్‌సీ ఆలోచన మానుకోండి. లాభం కోసం నిజంగా వ్యాపారంలా నడపనిదాన్ని ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) హాబీ కింద చూస్తుంది, హాబీ ఖర్చులను ఆదాయంలోంచి తీసేయనివ్వదు. సొంతానికి వాడుకున్న కారును నష్టానికి అమ్మినా ఆ నష్టం చూపించుకోలేరు.

కారును మళ్లీ స్ట్రీట్ విభాగంలోకి తేవడానికి ఈ వారం చేయాల్సింది ఒక్క ఫోన్ కాల్. పాత యజమానిని అడగండి, తీసేసిన స్ప్రింగులు, షాకులు గరాజ్‌లో ఎక్కడైనా పడి ఉన్నాయేమో. చాలామంది పారేయరు. ఆయన దగ్గర లేకపోతే పాత పోర్షేలు విడదీసి అమ్మేవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కాయిలోవర్లు మంచి బ్రాండువి అయితే అవి అమ్మిన డబ్బుతోనే ఈ పని అయిపోవచ్చు. ఆ లోపు సీజన్ మొదలైపోతే ఆగనక్కర్లేదు, చాలా చోట్ల కొత్తవాళ్లకు నోవిస్ క్లాస్ ఉంటుంది, మొదటి ఈవెంట్లు అందులో పరుగెత్తండి.