బాలినమక్ కథ పంపిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఐర్లండులో బ్రిటిష్ వారి మీద తిరగబడ్డ రైతులూ, వారికి తోడొచ్చిన ఫ్రెంచి సైన్యమూ ఓడిపోయిన బాలినమక్ యుద్ధం మీద నీవు రాసిన కథ చదివాను. వాక్యం నీకు బాగా పట్టుబడింది. కానీ మెడకు ఉరితాడు తగిలించాక తిరుగుబాటుదారుల ఫిరంగి పేల్చిన గన్నర్ మగీ చేత స్వేచ్ఛ గురించి పేజీన్నర ఉపన్యాసం ఇప్పించావు చూడు, అక్కడ నాకు కోపం ఆగలేదు. ఆ యుద్ధం జరిగిన లాంగ్‌ఫర్డ్ పల్లెల్లో అతన్ని తలచుకునేది మాటలకు కాదు. 1798 సెప్టెంబరు 8న గుండ్లు అయిపోతే పగిలిన వంటపాత్రల ముక్కలను ఫిరంగిలో కూరి పేల్చాడనీ, చక్రం విరిగితే అతని బంధువులిద్దరు ఫిరంగి కింద వీపులు ఒడ్డారనీ, పేలిన అదురుకు వాళ్ల నడుములు విరిగాయనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ ముక్కలను నీవు ఒక్క వాక్యంలో దాటేశావు.

జనం నోట తరాల తరబడి నిలిచేవి వస్తువు, చోటు, మనిషి పేరు. 1937–39 మధ్య ఐర్లండు బడిపిల్లలు ఇంటి పెద్దలనడిగి నోటుపుస్తకాల్లో రాసుకొచ్చిన కథలు చూడు, ఎవరిని ఏ పొలంలో పట్టుకున్నారో, ఏ చెట్టుకు ఉరితీశారో ఉంటుంది. బ్రిటిష్ వారు లొంగిపోయిన ఫ్రెంచి సైనికులను యుద్ధఖైదీలుగా మర్యాదగా డబ్లిన్‌కు పంపి, వారిని నమ్మి వెంట నడిచిన రైతులను తరిమి చంపారు. కారిక్-ఆన్-షానన్ అనే ఊళ్లో ఖైదీల చేత చీట్లు తీయించి మరీ ఉరికి ఎంచారు. అప్పుడు బ్రిటిష్ వారి తరఫున ఐర్లండును ఏలుతున్నది, ఆరేళ్ల ముందు శ్రీరంగపట్నంలో టిప్పు కొడుకులిద్దరిని బందీలుగా పట్టుకున్న కారన్‌వాలిసే. ఆ వైపే ఉన్న బాలినలీ అనే ఊళ్లో ఉరితీసినవారిని పూడ్చిన చోటును నేటికీ బుల్లీస్ ఏకర్ అంటారు. నీ కథలో అది ‘ఒక మైదానం’ అయింది.

మా వైపు ఉరులు తీసిన చింతచెట్టు గురించి నేను రాసిన తొలి కథకూ ఇదే గతి పట్టింది. ఊళ్ల పేర్లు పాఠకుడికి అడ్డమంటూ సంపాదకుడు అన్నీ కొట్టేసి, చివర ఒక నినాదం తగిలించి అచ్చువేశాడు. ఆ చెట్టుకు తాతను పోగొట్టుకున్న ముసలాయన కథ చదివించుకుని, “ఇది మా ఊరిది కాదులే” అని లేచిపోయాడు. సార్వజనీనత పేరుతో ఊరి పేరు చెరిపే ఆ అలవాటు మన పత్రికలను ఇంకా వదలలేదు, అది నీకు అంటకూడదు.

ఏ పత్రికకు పంపాలన్న మాట తర్వాత చూద్దాం. ముందు ఉపన్యాసం తీసేసి, ఆ పాత్రల ముక్కలు ఎవరి చేతుల మీదుగా ఫిరంగి దాకా వచ్చాయో రాయి. బుల్లీస్ ఏకర్‌ను దాని పేరుతోనే పిలువు. తిరగరాసిన ప్రతిని సంక్రాంతిలోపు నాకు పంపు.