రెండెకరాల ఇరవై... ఏమిటి?

పటాలు, కొలతలు, వాటిని కంప్యూటర్‌లో దాచి ఒకరికొకరు పంపుకునే ఫైళ్ల మీద వచ్చిన ఉత్తరాల్లో ఈ నెల నాలుగు. ఇంకో ఇద్దరు అన్నదమ్ముల గట్టు తగాదా రాశారు. అది నా వల్ల తీరేది కాదు.

ప్ర: మా బృందం ఎండాకాలమంతా తిరిగి మండలంలోని చెరువులు, కుంటలు, తూముల దగ్గర ఫోన్‌లో స్థానం చూసి రాసుకుంది. ఎక్సెల్‌లో ఎక్కించి, ఒక కుర్రాడితో జియోజేసన్ అనే పటాల ఫైలుగా మార్పించి, పటం గీసే ఇంజనీరుకు పంపాం. ఆయన తెరిస్తే ఒక్క చెరువూ జిల్లాలో లేదు, అన్నీ ఉత్తర ధ్రువం వైపు ఉన్నాయట. ఫోన్లు చెడిపోయాయా?
– ఒక కార్యకర్త, నల్గొండ

జ: ఫోన్లకేం కాలేదండీ. మీ చెరువులు నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్‌లో, స్పిట్స్‌బెర్గెన్ దీవి మీద ఉన్నాయి. మన దేశం 2008లో హిమాద్రి పరిశోధనా కేంద్రం తెరిచింది ఆ దీవి మీదే. అంచేత మరీ పరాయి చోటికేం పోలేదు.

జరిగింది ఇదీ. బడిలో మనం 'అక్షాంశ రేఖాంశాలు' అని వల్లె వేశాం. నోట్లో అక్షాంశమే ముందు. ఫోనూ అదే వరసలో చూపిస్తుంది: 17.05, 79.27. జియోజేసన్ మాత్రం గ్రాఫు కాగితం లెక్కన పోతుంది. అడ్డం ముందు, నిలువు తర్వాత. అంటే రేఖాంశం ముందు రావాలి. 2016 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946 అనే ప్రమాణంలో ఈ మాట స్పష్టంగానే ఉంది, మీ కుర్రాడు చదవలేదంతే. గూగుల్ ఎర్త్ తెరిచే కేఎంఎల్ ఫైల్లోనూ రేఖాంశమే ముందు. జీపీఎస్ పరికరాలు వాడే జీపీఎక్స్ ఫైలు వాళ్లు మాత్రం ప్రతి అంకె పక్కనా అది అక్షాంశమో రేఖాంశమో పేరు రాయిస్తారు. ఫైలు కాస్త లావవుతుంది. అయినా నన్నడిగితే అదే మర్యాద. కాగితం పటం చేతికిచ్చేటప్పుడు పక్కన నిలబడి 'ఇది ఉత్తరం' అని చెప్పే వీలుండేది. ఫైలు వెంట మనం వెళ్లం. మన బుర్రలో ఉన్నదంతా అందులోనే రాసి పెట్టాలి.

మన అదృష్టం ఏమిటంటే తెలుగు రాష్ట్రాల అక్షాంశం 12కీ 20కీ మధ్య ఉంటుంది, రేఖాంశం 76కీ 85కీ మధ్య. రెండూ ఎక్కడా కలవవు. 7తో గానీ 8తో గానీ మొదలైతే రేఖాంశమే. తారుమారైతే ధ్రువం దాకా పోతుంది కనక తప్పు వెంటనే బయటపడుతుంది. టర్కీ వాళ్లకు ఈ సుఖం లేదు. అక్కడి అదానా ఊరు అక్షాంశం 37.0, రేఖాంశం 35.3 దగ్గర ఉంది. తిరగేస్తే సిరియాలో పడుతుంది, పటం మీద చూడ్డానికి పక్కూరిలాగే ఉంటుంది.

వరస మార్చాక ఇంకో రెండు చూసుకోండి. మీలో ఎవరైనా డిగ్రీలు, నిమిషాల్లో రాసుకున్నారా? 17 డిగ్రీల 25 నిమిషాలను 17.25 అని ఎక్కిస్తే చెరువు దాదాపు 18 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. అసలు అంకె 17.4167. రెండోది, మీరు పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు మీంచి కొన్ని చెరువులు దించుకుని ఉంటే అవి వంద మీటర్లకు పైనే పక్కకు పోతాయి. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం అనే పాత భూమి ఆకారపు లెక్క మీద గీసినవి, ఫోన్ డబ్ల్యూజీఎస్ 84 అనే ఇప్పటి లెక్క మీద చెబుతుంది. 'ఎక్కడి నుంచి తెచ్చింది' అని ఒక గడి పెట్టుకుని ఉంటే ఏవి జరపాలో తెలిసేది. పెట్టుకోలేదు కదూ? ఇప్పుడైనా పెట్టండి.

ప్ర: మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో కోదాడ వాళ్లూ ఉన్నారు, సరిహద్దు దాటి జగ్గయ్యపేట వాళ్లూ ఉన్నారు. రెండు పట్టికలు కలిపి పొలాల పటంతో జోడించాను. పటంలో కొలిస్తే ఒక విస్తీర్ణం, పట్టికలో ఇంకో విస్తీర్ణం. జగ్గయ్యపేట పొలాలకు సరిపోతున్నాయి, కోదాడవి సరిపోవడం లేదు. ఎవరు తప్పు రాశారు?
– సంఘం లెక్కలు చూసే అమ్మాయి, కోదాడ

జ: ఎవరూ తప్పు రాయలేదమ్మా. మాది కృష్ణా జిల్లా, మెట్టినిల్లు తెలంగాణ. మా నాన్నకు ఎకరమంటే వంద సెంట్లు, మా మామగారికి నలభై గుంటలు. పెళ్లి మాటల్లో మామగారు కాగితం మీద '2.20' అని రాసి చూపిస్తే నాన్న రెండెకరాల ఇరవై సెంట్లు అనుకున్నారు. అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. తేడా ముప్పై సెంట్లు. మా విషయంలో మేలే జరిగింది, నీ పట్టికలో అలా జరగదు.

ఆ చుక్కను కంప్యూటర్ దశాంశం అనుకుంటుంది. కోదాడ రైతు దృష్టిలో అది దశాంశం కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య అడ్డుగోడ. చుక్క తర్వాత 40 గానీ అంతకు మించి గానీ ఉంటే అవి సెంట్లే, ఎందుకంటే నలభై గుంటలైతే ఎకరం నిండిపోతుంది. 39 వరకూ ఉంటే అంకెను చూసి చెప్పలేం, ఊరిని చూసి చెప్పాలి. పైగా ఎక్సెల్ చివరి సున్నాను మింగేసి 2.20ని 2.2 చేస్తుంది. అప్పుడది ఇరవై గుంటలో రెండు గుంటలో దేవుడికే తెలియాలి.

ఇలా చెయ్యి. రైతు కాగితంలో ఎలా ఉందో అలాగే ఒక గడిలో అక్షరాలుగా ఉంచు, దాన్ని ముట్టుకోకు. పక్క గడిలో ప్రమాణం: గుంటలా, సెంట్లా. మూడో గడిలో నువ్వు మార్చిన చదరపు మీటర్లు. ఎకరం 4046.86, గుంట 101.17, సెంటు 40.47. రెండెకరాల ఇరవై గుంటలు 10,117 చదరపు మీటర్లు, రెండెకరాల ఇరవై సెంట్లు 8,903. బయటికి పంపేటప్పుడు మూడూ పంపు. చదరపు మీటర్లు మాత్రమే పంపితే రేపు ఎవరైనా 'ఈ లెక్క ఎలా వచ్చింది' అంటే నీ దగ్గర జవాబుండదు.

అన్నట్టు, సర్వే నంబర్ల గడి కూడా ఒకసారి చూసుకో. 5/2 అని కొడితే ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి 5 చేసేస్తుంది. నేను పనిచేసిన చోట ఒక ఊరి పొలాల్లో పాతిక దాకా ఇలా తేదీలైపోయాయి, తేదీగా చదవడానికి వీల్లేనివి మాత్రం భద్రంగా ఉన్నాయి. ఎందుకో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాం. కొట్టడం మొదలుపెట్టక ముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చుకో.

ప్ర: 2011 జనాభా లెక్కల్ని ఇప్పటి పటానికి జత చేస్తుంటే మా ఊరు దొరకడం లేదు. పేరు సరిగ్గానే కొట్టాను.
– పీజీ విద్యార్థి, ములుగు

జ: ఊరు కదల్లేదు నాయనా, జిల్లా కదిలింది. 2011లో మీరు వరంగల్‌లో ఉన్నారు. 2016 అక్టోబరు 11న జయశంకర్ భూపాలపల్లిలోకి, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లాలోకి వచ్చారు. దానికితోడు సిద్దిపేట జిల్లాలోనూ ఒక ములుగు ఉంది. పేరును జత కలిపే గుర్తుగా వాడితే ఇలాగే ఉంటుంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక సంఖ్య ఉంది, జత కలపడానికి దాన్ని వాడు. జనాభా లెక్కల్లోని ఊరి సంఖ్యనూ దీన్నీ పక్కపక్కన పెట్టిన పట్టిక ఒకటి ముందు తయారు చేసుకోవాలి. విసుగు పనే. జిల్లా గడి పక్కన 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అని రెండు తేదీలు పెడితే నీ తర్వాత వచ్చేవాడు నీలా ఉత్తరం రాయనక్కర్లేదు.

ప్ర: షేప్‌ఫైల్ అనే పటాల ఫైల్లో 'గ్రామం' అని గడి పేరు పెడితే 'గ్ర' అని మిగులుతోంది. లోపలి తెలుగంతా ప్రశ్నార్థకాలు. మా సారు మాత్రం షేప్‌ఫైలే కావాలంటారు.
– ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జ: షేప్‌ఫైల్ పద్ధతి వివరాలను పటాల సాఫ్ట్‌వేర్ చేసే ఎస్రీ కంపెనీ ప్రచురించింది 1998లో. అందులోని పట్టిక అంతకన్నా పాతది, డీబేస్ అనే పాత పట్టికల ప్రోగ్రాం కాలంనాటిది. గడి పేరుకు పది బైట్లే చోటు. యూనికోడ్‌లో, అంటే యూటీఎఫ్-8లో, తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. గ, పొల్లు, ర అయ్యేసరికి తొమ్మిది. ఇంక దీర్ఘానికి చోటేదీ? గడి పేర్లు పొట్టి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, వాటి అర్థాలు వేరే కాగితంలో రాయి. లోపలి విలువలకు 254 బైట్లు, తెలుగులో 84 గుర్తులు. చిరునామాలైతే తెగుతాయి. ప్రశ్నార్థకాలకు కారణం, అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే సీపీజీ అనే చిన్న ఫైలు లేకపోవడం కావచ్చు. అందులో యూటీఎఫ్-8 అని ఒక్క మాట ఉండాలి. భద్రపరిచేటప్పుడే అక్షరాలు పోయి ఉంటే మాత్రం అసలు పట్టిక నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

నీ పని మటుకు జియోప్యాకేజ్ అనే ఇంకో రకం ఫైల్లో చేసుకో. ఒకటే ఫైలు, తెలుగు నిక్షేపంగా నిలుస్తుంది. చివర్న సారు కోసం షేప్‌ఫైల్‌గా మార్చి, ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే, సీపీజీ అనే దాని అయిదు ముక్కలూ ఒకే జిప్‌లో కట్టి ఇవ్వు. ఒక్క ఎస్‌హెచ్‌పీ ఇచ్చావో, సాయంత్రానికి ఫోన్ వస్తుంది.