బ్లాక్ గ్రానైట్, గుట్టల గ్రానైట్ ఒకటేనా?

హనుమకొండలో ఇల్లు కడుతున్నామని, మెట్లకు షాపులో బ్లాక్ గ్రానైట్ చూపించి ‘వేయి స్తంభాల గుడి రాయి ఇదే’ అన్నారని, గ్రానైట్ అంటే మన గుట్టల రాయే అయితే ఇదెందుకు నల్లగా ఉందని ఒకరు అడిగారు.

షాపు వారు చెప్పింది సగం నిజమండీ. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో అద్దంలా మెరిసే నల్ల స్తంభాలది ఈ జాతి రాయే. కాకపోతే దాని అసలు పేరు డోలరైట్. పాలిష్ పట్టే గట్టి రాయి ఏదైనా అంగట్లో గ్రానైటే!

నాకు ఈ తేడా తెలిసింది మా చెలకలో. ఎర్ర నేల, మధ్య మధ్య తేలిన బూడిదరంగు బండ. దాన్ని చీల్చుకుంటూ నల్లగుండ్ల వరస ఒకటి, ఎవరో గట్టు పోసినట్టు, పక్క ఊరి గుట్ట దాకా సాగుతుంది. పాతకాలపు కోటగోడ కూలిందేమో అనుకునేవాళ్లం. బావి తవ్వడానికి వచ్చిన మేస్త్రి రెండు రాళ్లనూ సుత్తితో పగలగొట్టి, ఇంచుమించు ఒకే సైజు ముక్కలు నా రెండు చేతుల్లో పెట్టాడు. నల్లది స్పష్టంగా బరువు. నీళ్లు చల్లి చూస్తే బూడిదరంగు దానిలో తెల్లని, గులాబీ పలుకులు, గాజులాంటి గింజలు, నల్లని అభ్రకపు రేకులు వేటికవి కనిపించాయి. నల్లదానిలో ఎంత చూసినా పలుకు తెలియలేదు.

ఆ పలుకులోనే రాయి పుట్టుక ఉంది. మన గ్రానైట్ సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల కిలోమీటర్ల లోతున, కరిగిన ముద్ద లక్షల ఏళ్లపాటు నిదానంగా చల్లారితే ఏర్పడింది. తీరిక దొరికింది కాబట్టి గింజలు పెద్దవయ్యాయి. పైనున్న పొరలు అరిగిపోయాక బయటపడింది. ఓరుగల్లుకు ఆ పేరు తెచ్చిన కోటలోని ఏకశిల గుట్ట అలాంటిదే. తరువాతెప్పుడో ఈ బండ పగుళ్లలోకి ఇంకా అడుగు నుంచి ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ద్రవం ఎగదన్నింది. చల్లని బండ తగిలి త్వరగా గడ్డకట్టింది. అందుకే నలుపు, బరువు, సన్నని పలుకు. గ్రానైట్‌ను కోసుకుంటూ పోయింది కాబట్టి వయసులో ఇదే చిన్నది. మా గుండ్ల వరస అలా పగులులో గడ్డకట్టిన గోడేనన్నమాట. కోటగోడ ఊహ మరీ తప్పేమీ కాదు.

గ్రానైట్‌లో ఉలి దెబ్బకు గింజ గింజగా ఊడివచ్చే చోట, నల్లరాయి వెంట్రుకంత గీతను కూడా నిలుపుకుంటుంది. రామప్పలో గుడి గోడలు ఇసుకరాయివి, సన్నని శిల్పం ఉన్న మదనికలనే స్త్రీమూర్తులు మాత్రం నల్లరాయివి. కాకతీయుల శిల్పులకు ఏ పనికి ఏ రాయో బాగా తెలుసు.

కొనేముందు ఒక పని చేయండి. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలో దూది ముంచి పలక మూలన గట్టిగా రుద్దండి. మా వంటింటి గట్టుకు తెచ్చిన ‘బ్లాక్ గ్రానైట్’ మీద రుద్దితే దూది నల్లబడింది. రంగు వేసిన బూడిద రాయి అది, తిరిగి పంపించేశాం. ఇక మెట్లకైతే అసలైన నల్లరాయి దొరికినా అద్దం పాలిష్ వద్దు, తడి కాలికి జారుతుంది. గరుకుగా చేసిన పలకలు అడగండి.