రెండా, పదా సార్?

సందేహం: మా కాలేజీ ల్యాబులో ల్యాబ్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో చేయించే ఒక ప్రయోగానికి తెలుగులో సూచనలు రాస్తున్నాను. ‘రెండు వ్యతిరేక దశ సంకేతములను జనింపజేయుము’ అని రాశాను. ఒక విద్యార్థి దాన్ని ‘దిశ’ అని దిద్దాడు. ఇంకొకడు ‘రెండా, పదా సార్?’ అని నవ్వాడు. నా వాక్యంలో తప్పేమిటి?

సమాధానం: నవ్విన అబ్బాయికి భాష తెలుసు. సంస్కృతంలో పది అంటే ‘దశ’, స్థితి అంటే ‘దశా’. ఫేజ్‌కి, అంటే తరంగం తన చుట్టులో ఎంతవరకు వచ్చిందన్న లెక్కకి, మీరు వాడింది ఈ రెండోదే. రమా మనకు రమ అయినట్టే దశా కూడా చివరి దీర్ఘం పోగొట్టుకుని దశ అయింది. సమాసం మధ్యలో మాత్రం ఆ దీర్ఘం నిలుస్తుంది: దశాభేదం. మీ ‘దశ సంకేతములు’ దశకంఠుడి వరసలో చేరి పది సంకేతాలయ్యాయి. ‘వ్యతిరేక దశలో ఉన్న రెండు సంకేతాలు’ అంటే ఈ పేచీ లేదు.

దిశ అని దిద్దడం మాత్రం పొరపాటే. ఎదురెదురుగా వచ్చే తరంగాల పాఠం వేరు. ఇక్కడ ఒకటి పైకి లేచినప్పుడే రెండోది అంతే కిందికి దిగుతోంది, అంతే.

అసలు చిక్కు ‘వ్యతిరేక’తో ఉంది. సంకేతాన్ని తలకిందులు చేయడం ఒకటి, సగం చుట్టు జరపడం మరొకటి. సైన్ తరంగానికి రెండూ ఒకటే కాబట్టి తేడా కనబడదు. రంపపుపళ్ల తరంగం పెట్టి చూడండి. −1తో గుణించి అసలుదానితో కలిపితే సున్నా వస్తుంది. ఫేజ్ 180 డిగ్రీలు జరిపి కలిపితే సున్నా రాదు, అదే ఎత్తులో రెట్టింపు పౌనఃపున్యంతో ఇంకో రంపం వస్తుంది! మొదటిదాన్ని ‘తలకిందులు చేసిన సంకేతం’ అనండి. ‘వ్యతిరేక దశ’ను రెండోదానికే ఉంచండి.

ఇంతకీ ‘దశ’ అవసరమా? పాఠ్యపుస్తకాల్లో ఉంది, తప్పు కాదు. కానీ పేపర్లో ‘మూడు దశల్లో పోలింగ్’ అని చదివేవాడికి దశ అంటే అంచె. పొలంలో మోటారు ఆగితే రైతు ‘ఒక ఫేజు పోయింది’ అంటాడు గాని దశ పోయిందనడు. అంటే జాతకం గుర్తొస్తుంది. ఊళ్లో అందరి నోటా నలిగిన మాటను ల్యాబులో వాడటానికి మొహమాటమెందుకు? సాఫ్ట్‌వేర్ తెరమీద కనబడేదీ ఆ మాటే. నేనైతే ఫేజ్ అనే రాస్తాను. ‘జనింపజేయుము’ను నిర్మొహమాటంగా కొట్టేస్తాను.

మీ సూచన ఇలా ఉండొచ్చు: ‘సిమ్యులేట్ సిగ్నల్ బ్లాకును రెండుసార్లు పెట్టండి. రెండింటికీ సైన్ తరంగం, ఒకే కంపన పరిమితి (ఆంప్లిట్యూడ్), ఒకే పౌనఃపున్యం ఇవ్వండి. ఒకదాని ఫేజ్ 0, రెండోదాని ఫేజ్ 180 డిగ్రీలు ఉంచండి. రెండింటినీ కూడి, వచ్చిన మొత్తానికి గ్రాఫు చూడండి. సున్నా మీద అడ్డగీత రావాలి.’